పొద్దున మొదటి అడుగులోనే పొడిచే మడమ నొప్పి: ఎక్కడ పుడుతుంది, ఎలా తగ్గుతుంది

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు దిగినట్టు పోటు. గోడ పట్టుకుని, మునివేళ్ల మీద కుంటుకుంటూ బాత్రూం దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది. పది నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరిగితే చాలావరకు పోతుంది. ఆఫీసుకెళ్లి గంటసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. సాయంత్రానికి మడమంతా బరువెక్కి సలుపుతుంది. నొప్పి ఈ వరుసలో నడుస్తుంటే కారణం చాలావరకు ఒక్కటే. మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా అరికాలి అడుగున ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది మడమ దగ్గర దెబ్బతింటుంది. చీటీ మీద డాక్టర్లు రాసే పేరు ప్లాంటార్ ఫేషియైటిస్.

జనం నోట ఈ నొప్పికి ఉన్న పేరు మాత్రం వేరు. "మడమలో ఎముక పెరిగింది" అంటారు. ఎక్స్-రే తీయించి కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే మడమ ఎముక అడుగున ముందుకు పొడుచుకొచ్చిన చిన్న కొక్కెం కనిపిస్తుంది. అక్కడి నుంచి భయం మొదలవుతుంది. ఆ ముల్లు లోపల మాంసానికి గుచ్చుకుంటోందని, కోసి తీసేస్తే తప్ప తగ్గదని, నడిస్తే ఇంకా పెరుగుతుందని అనుకుని నడకే మానేస్తారు. ఈ అపోహ వల్ల జరిగే నష్టం జబ్బు వల్ల జరిగే నష్టానికి తీసిపోదు.

ఆ ముల్లు సంగతి ముందు తేల్చుకుందాం. ఏ నొప్పీ లేకుండా హాయిగా తిరిగే చాలామంది మడమల్లో కూడా ఎక్స్-రే తీస్తే అది కనిపిస్తుంది. వయసు పైబడేకొద్దీ, బరువు పెరిగేకొద్దీ ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే మనిషికి రెండు మడమల్లోనూ ముల్లు ఉండి, నొప్పి ఒక్క కాలికే ఉండటం మామూలే. పైగా అది కిందికి, నేలవైపు పొడుచుకుని ఉండదు. నేలకు సమాంతరంగా వేళ్లవైపు సాగి ఉంటుంది. చాలాసార్లు అది పట్టీలో కూడా ఉండదు, పట్టీకి పైన ఉండే చిన్న కండరం ఎముకకు అతుక్కున్న చోట ఉంటుంది. నొప్పి పూర్తిగా తగ్గిపోయినవాళ్లకు మళ్లీ ఎక్స్-రే తీస్తే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. అంటే అక్కడ ఏళ్లుగా లాగుడు పడిందని చెప్పే గుర్తు మాత్రమే అది. దాన్ని కరిగిస్తామని అమ్మే మందులకు డబ్బు తగలేయకండి.

పట్టీ చేసే పని

అరికాలి మధ్యలో ఉండే వంపును విల్లు అనుకుంటే, ఈ పట్టీ దాని అల్లెతాడు. వెనక కొస మడమ ఎముక లోపలివైపు, అంటే రెండో కాలివైపు ఉండే చిన్న బుడిపెకు అతుక్కుని ఉంటుంది. ముందు కొస ఐదు పాయలుగా విడిపోయి వేళ్ల మొదళ్లకు చేరుతుంది. శరీర బరువు పైనుంచి పడినప్పుడల్లా వంపు చదునైపోకుండా ఆపేది ఇదే. నడకలో మడమ లేచి, వేళ్లు వెనక్కి వంగి, కాలు నేలను తన్నే క్షణంలో దీనిమీద పడే లాగుడు మన శరీర బరువుకు దాదాపు సమానం.

వేళ్లు వెనక్కి వంగినప్పుడు ఇంకో విశేషం జరుగుతుంది. బావి గిలకకు చేదతాడు చుట్టుకున్నట్టు పట్టీ ముందు కొస వేళ్ల మొదళ్ల చుట్టూ చుట్టుకుంటుంది. తాడు బిగుస్తుంది, వంపు పైకి లేస్తుంది, మెత్తగా ఉన్న పాదం గట్టి మీటలా మారుతుంది. 1954లో హిక్స్ అనే పరిశోధకుడు ఈ పనితీరును వివరించాడు. కింద చెప్పబోయే పట్టీ వ్యాయామాలు రెండూ వేళ్లను ఎందుకు వెనక్కి వంచమంటాయో అర్థం కావాలంటే ఈ గిలకను గుర్తుంచుకోవాలి. వేళ్లు వంచకుండా పట్టీమీదికి లాగుడు సరిగ్గా చేరదు.

ఇప్పుడు పొద్దుటి పోటు సంగతి. నిద్రలో పాదం దానంతట అదే కిందికి వాలిపోతుంది. పిక్క కండరాలు, అరికాలి పట్టీ రెండూ ఆరేడు గంటలు కుదించుకుని ఉంటాయి. లేవగానే శరీర బరువంతా ఒక్కసారి పడి, బిగుసుకుని ఉన్న పట్టీని లాగుతుంది. నాలుగడుగులు వేశాక అది సాగి, మెత్తబడి నొప్పి తగ్గుతుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

పేరు చివర ఉన్న 'ఐటిస్' అంటే వాపు, మంట. ఆ పేరు వల్ల చాలాకాలం వైద్యమంతా వాపు తగ్గించే మాత్రల చుట్టూ తిరిగింది. 2003లో అమెరికాలో లెమాంట్ బృందం ఆపరేషన్ చేసి తీసిన 50 మంది పట్టీ ముక్కలను మైక్రోస్కోపు కింద పరిశీలిస్తే, వాపుకు గుర్తుగా కనిపించాల్సిన కణాలు లేవు. కనిపించినవి చెదిరిపోయిన పోగులు, క్షీణించిన కణజాలం. నులక మంచం తాడు పట్టెకు రాసుకునే చోట పీచుపీచుగా లేస్తుంది చూడండి, పాతబడిన మడమ నొప్పిలో పట్టీ పరిస్థితి అలాంటిది. అల్ట్రాసౌండ్‌లో చూస్తే మామూలుగా 4 మిల్లీమీటర్ల లోపు ఉండే మందం అంతకుమించి ఉబ్బి కనిపిస్తుంది.

నులక తాడుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇది జీవమున్న తాడు, తనను తాను బాగుచేసుకోగలదు. అందుకు దానికి కావలసింది కొలిచి ఇచ్చే లాగుడు. లాగుడు మరీ ఎక్కువైతే పోగులు తెగుతాయి, అసలే లేకపోతే బలహీనపడతాయి. నెలరోజులు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లకు నొప్పి తగ్గినట్టే తగ్గి, నడక మొదలుపెట్టిన వారంలోనే తిరగబెట్టడానికి కారణం ఇదే.

ఎవరికి వస్తుంది

40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువ. బరువు ఎక్కువున్నవాళ్లు, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు, పిక్కలు బిగుసుకుపోయినవాళ్లు ముందు వరుసలో ఉంటారు. చీరల షాపులో కౌంటర్ వెనక పది గంటలు నిలబడే అమ్మాయి, బడిలో పీరియడ్ తర్వాత పీరియడ్ నిలబడి పాఠం చెప్పే టీచరు, ట్రాఫిక్ కానిస్టేబుల్, హోటల్ వంటవాళ్లు, ఆస్పత్రి నర్సులు. అరికాలు చదునుగా ఉన్నా, వంపు మరీ ఎక్కువున్నా ముప్పే. దూరం పరుగెత్తేవాళ్లకు బరువు లేకపోయినా వస్తుంది.

పిక్కల బిగువును చాలామంది పట్టించుకోరు, కానీ అది పెద్ద కారణం. మోకాలు నిటారుగా పెట్టి పాదాన్ని పైకి వంచితే లంబకోణం దాటి కనీసం పది డిగ్రీలు రావాలి. లంబకోణం దగ్గరే ఆగిపోతే, నడకలో చీలమండ ఇవ్వాల్సిన వంపును అరికాలు ఇవ్వాల్సి వస్తుంది. ఆ అదనపు లాగుడంతా పట్టీమీదే.

వీటన్నిటికంటే తరచుగా నొప్పిని మొదలుపెట్టేది హఠాత్తు మార్పు. డాక్టర్ షుగర్ ఉందని చెప్పగానే మర్నాటి నుంచి ఆరు కిలోమీటర్ల నడక. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఒక్కరోజున అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. ఏడాదంతా బూట్లు వేసుకుని కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాక 41 రోజులు ఒట్టి కాళ్లు. పాదానికి నడక కొత్త కాదు, ఒట్టి కాళ్లు కూడా కొత్త కాదు. ఒక్క రోజులో రెట్టింపైన బరువే దానికి కొత్త.

ఇంట్లో నేల గురించి కూడా ఒక మాట. గ్రానైట్, మార్బుల్, టైల్స్ పరిచిన వంటగదిలో చెప్పుల్లేకుండా రోజుకు నాలుగైదు గంటలు నిలబడటం ఆడవాళ్లకు మామూలు. నేల ఒక్కటే జబ్బు తెస్తుందని చెప్పలేం. జబ్బు వచ్చాక మాత్రం అది తగ్గకుండా అడ్డుపడే వాటిలో ఇదొకటి. ఇంట్లో చెప్పులు వేసుకోవడానికి మనసొప్పనివాళ్లు బయట ఎప్పుడూ వాడని ఒక కొత్త జతను ఇంటికే ఉంచుకోవచ్చు, పొయ్యి ముందు, సింకు ముందు మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోవచ్చు. పూజగది బయట విప్పేస్తే సరి.

అదేనా, వేరేదా

కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న పాదాన్ని రెండో తొడమీద పెట్టుకోండి. ఒక చేత్తో వేళ్లను, ముఖ్యంగా బొటనవేలిని, వెనక్కి వంచి పట్టుకోండి. అరికాలి లోపలి అంచున తాడులా బిగిసేదే ఆ పట్టీ. రెండో చేతి బొటనవేలితో ఆ తాడు వెంబడి మడమవైపు వస్తూ, మడమ మెత్తదనం మొదలయ్యే చోట లోపలివైపు గట్టిగా నొక్కండి. అక్కడ "అబ్బా" అనిపించేంత నొప్పి, పొద్దున మొదటి అడుగు పోటు, ఈ రెండూ ఉంటే దాదాపు నిర్ధారణ అయినట్టే. దీనికి ఎక్స్-రే గానీ ఎంఆర్ఐ గానీ, ప్రతివాళ్లకూ రాసే యూరిక్ యాసిడ్ పరీక్ష గానీ మామూలుగా అవసరం లేదు.

నొప్పి వేరే చోట ఉంటే కథ వేరు. మడమ వెనక, చెప్పు పట్టీ రాసుకునే చోట నొప్పి, గట్టిదనం ఉంటే అది పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్‌ది. మడమ అడుగున సరిగ్గా నడిమధ్యలో, రాయి తొక్కినప్పుడు కమిలినట్టు ఉండి, నడిచేకొద్దీ పెరుగుతుంటే మడమ కింది కొవ్వు మెత్త పలచబడిందేమో చూడాలి. పెద్ద వయసువాళ్లలో, ఒకే చోట పదేపదే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లలో ఇది జరుగుతుంది. వాళ్లకు సాగదీసే వ్యాయామాలకంటే మెత్తటి, లోతైన హీల్ కప్, అంటే చెప్పులో మడమ కింద పెట్టుకునే గిన్నెలాంటి మెత్త, ఎక్కువ పనిచేస్తుంది.

మడమను రెండు అరచేతుల మధ్య పక్కల నుంచి పిండినప్పుడు తీవ్రంగా నొప్పి పుడితే ఎముకలో సన్న పగులు ఉండవచ్చు. ఈమధ్యే నడక, పరుగు ఒక్కసారిగా పెంచినవాళ్లు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్-రేలో ఇది కనబడకపోవచ్చు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండి రాత్రి పడుకున్నాక కూడా వేధిస్తుంటే నరం నొక్కుకుంటోందని అర్థం. అది చీలమండ దగ్గర కావచ్చు, నడుము దగ్గరా కావచ్చు.

పాతికేళ్ల కుర్రాడికి రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున నడుము అరగంటకు మించి పట్టేసినట్టు ఉండి తిరిగితే తగ్గుతుంటే, అది పాదం జబ్బు కాకపోవచ్చు. వెన్నెముక కీళ్లవాతం కొన్నిసార్లు మొదట మడమల్లోనే బయటపడుతుంది. ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి మడమ కప్పులు మార్చుకుంటూ తిరగడం బాధాకరం. కీళ్లవాతం చూసే డాక్టర్‌ను, అంటే రుమటాలజిస్ట్‌ను కలవాలి. 8 నుంచి 14 ఏళ్ల మధ్య ఆటలాడే పిల్లలకు మడమ వెనక నొప్పి వస్తే అది ఎదుగుతున్న ఎముక చివర మీద పడే లాగుడు, సీవర్స్ అంటారు. కొన్నాళ్లు ఆట తగ్గించి, బూటులో మడమ కింద చిన్న మెత్త పెడితే తగ్గుతుంది, ఎముక ఎదుగుదల పూర్తయ్యాక మళ్లీ రాదు.

జ్వరం, ఎర్రగా వాచడం, కాలు మోపలేకపోవడం, ఏదో తెగినట్టు 'టప్' మని వినిపించి అరికాలు నల్లగా కమలడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోకండి.

మొదటి మందు: మంచం దిగకముందే సాగదీయడం

2003లో అమెరికాలో డిజియోవన్ని బృందం కనీసం పది నెలలుగా మడమ నొప్పితో ఉన్న 101 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపు పిక్కలను మాత్రమే సాగదీసింది, రెండోది అరికాలి పట్టీనే నేరుగా సాగదీసింది. ఎనిమిది వారాలకు రెండో గుంపు స్పష్టంగా ముందుంది. ఖర్చు లేని పని ఇది.

మంచం అంచున కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలిమీద వేసుకోండి. అదే వైపు చేత్తో వేళ్ల మొదళ్ల దగ్గర పట్టుకుని, వేళ్లన్నిటినీ మోకాలివైపు వెనక్కి లాగండి. రెండో చేత్తో అరికాలు తడిమితే పట్టీ వీణ తీగలా బిగిసి ఉండాలి. బిగవకపోతే మీరు లాగుతున్నది చాలదు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచి వదలండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు, అందులో మొదటిది తప్పనిసరిగా నేలమీద కాలు పెట్టకముందే. చాలాసేపు కూర్చుని లేచేముందు కూడా ఒక విడత చేయాలి. జరిగే పొరపాటు ఎక్కడంటే, వేళ్ల చివర్లు పట్టుకుని లాగుతారు. అప్పుడు వేళ్ల కణుపులే వంగుతాయి, పట్టీకి ఏమీ చేరదు. రెండో పొరపాటు, బాత్రూంకు వెళ్లొచ్చి తీరిగ్గా చేయడం. ఆ మొదటి పది అడుగుల్లోనే పట్టీకి దెబ్బ తగిలిపోయి ఉంటుంది.

పిక్కలకు వేరేగా చేయాలి. గోడకు ఎదురుగా నిలబడి చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని ఒక పెద్ద అంగ వెనక్కి పెట్టండి. మడమ నేలకు ఆనే ఉండాలి, వేళ్లు సూటిగా గోడవైపు చూడాలి. మోకాలు నిటారుగా ఉంచి 30 సెకన్లు ముందుకు వాలండి. తర్వాత అదే మోకాలిని కొంచెం వంచి మరో 30 సెకన్లు. పిక్కలో పైన ఒక కండరం, దాని కింద మరొకటి ఉన్నాయి కాబట్టి రెండు భంగిమలూ కావాలి. మూడేసి సార్లు, రోజుకు రెండు పూటలా. పాదం బయటికి తిప్పి పెడితే సాగినట్టు అనిపిస్తుంది గానీ వంపు కుంగిపోయి పట్టీ ఇంకా లాగబడుతుంది.

అసలు మందు: బరువు

సాగదీయడం నొప్పిని దారిలోకి తెస్తుంది. పట్టీకి బలం తెచ్చేది బరువు. 2014లో డెన్మార్క్‌లో రాట్లెఫ్ బృందం 48 మందితో చేసిన ప్రయోగంలో, బరువు మీద నెమ్మదిగా మడమ ఎత్తిన గుంపు మూడు నెలలకు సాగదీసిన గుంపుకంటే బాగా కోలుకుంది. ఏడాది నాటికి రెండు గుంపులూ దగ్గరకొచ్చాయి. అంటే బరువు వ్యాయామం లాభం త్వరగా కోలుకోవడంలో ఉంది, సాగదీయడం దండగేమీ కాదు.

చేసే తీరు ఇది. ఇంటి మెట్టు మీద, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉన్నచోట నిలబడండి. తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దానిమీదికి వచ్చేలా, మడమలు గాలిలో ఉండేలా పాదం ముందుభాగం మోపండి. వేళ్లు వెనక్కి బాగా వంగేంత మందం ఉండాలి చుట్టకు. గిలక తిరిగితేనే తాడు బిగుస్తుంది. ఇప్పుడు ఒంటికాలిమీద మూడు సెకన్లలో పైకి లేవండి, పైన రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దిగండి. మడమ మెట్టు మట్టం కంటే కొంచెం కిందికి వెళ్లాలి. రోజు విడిచి రోజు మాత్రమే.

మొదటి రెండు వారాలు 12 సార్ల చొప్పున మూడు విడతలు. పన్నెండోది పూర్తయ్యేసరికి ఇంక లేవలేననిపించాలి, అదీ బరువు కొలత. మూడో వారం నుంచి వీపు సంచీలో పుస్తకాలో బియ్యం పొట్లాలో వేసుకుని 10 సార్ల చొప్పున నాలుగు విడతలు. ఐదో వారం నుంచి ఇంకాస్త బరువు పెంచి 8 సార్ల చొప్పున ఐదు విడతలు. మూడు నెలలు కొనసాగించాలి. మొదట్లో ఒంటికాలిమీద చేయలేకపోతే రెండు కాళ్లమీదా లేచి, ఒంటికాలిమీద దిగండి. అరవై దాటినవాళ్లు, తూలే అలవాటున్నవాళ్లు మెట్టు వదిలేసి వంటగది గట్టు పట్టుకుని నేలమీదే చేయడం మంచిది.

చేసేటప్పుడు నొప్పి వస్తుంది. పదికి నాలుగు దాకా ఉంటే భయం లేదు. అసలు తీర్పు మర్నాడు పొద్దున మొదటి అడుగుది. అది నిన్నటంత ఉన్నా, తగ్గినా మోతాదు సరిపోయింది. పెరిగితే బరువు తగ్గించండి, మానేయకండి. క్యాలెండర్ మీద రోజూ పొద్దుటి నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేసుకోండి. ఈ జబ్బు రోజురోజుకూ తగ్గదు, నాలుగు రోజులు తగ్గి రెండు రోజులు ఎగుస్తుంది. అంకెలు రాసుకోనివాళ్లు ఎగసిన రోజు చూసి "ఏం లాభం లేదు" అని మూడో వారంలో వదిలేస్తారు. మొదటి మార్పు తెలియడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపరేషన్ లేకుండానే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి తగ్గిపోతుంది, కానీ పూర్తిగా పోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. ఈ సంగతి మొదటిరోజే చెబితే సగం మంది వైద్యుల చుట్టూ తిరగడం మానేసి మెట్టు ఎక్కుతారు.

చెప్పులు, మెత్తలు

అరిగి పలచబడ్డ హవాయి చెప్పులు మొదట పారేయండి. మడమ ముందుభాగం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి, మడమ చుట్టూ పట్టు ఉండాలి. బూటును రెండు చేతులతో వంచి చూడండి, వేళ్ల దగ్గర వంగాలి. నడుమ మడతపడితే అది వంపుకు ఆసరా ఇవ్వదు. మన దగ్గర డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు, అంటే సన్నసన్న గాలి బుడగలున్న మెత్తటి రబ్బరువి, ఇంట్లో వాడకానికి బాగుంటాయి. వాటిలోనూ వేలితో నొక్కి చూసి, కుంగి మళ్లీ లేచేవే తీసుకోవాలి. రబ్బరు కుంగి లేవకుండా పోయిన రోజు మార్చేయాలి, పైపట్టీ తెగేదాకా ఆగకూడదు.

పాదం కొలత తీసి చేయించే ఖరీదైన ఇన్‌సోల్స్, అంటే బూటు లోపల పరిచే మెత్తలు, అవసరమా? 2006లో ఆస్ట్రేలియాలో లాండార్ఫ్ బృందం కొలిచి చేసినవాటినీ దుకాణంలో దొరికేవాటినీ పోల్చింది. రెండూ మొదటి మూడు నెలలు కొంచెం ఉపశమనం ఇచ్చాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాదికి ఉత్తుత్తి మెత్త వాడినవాళ్లూ వాళ్లతో సమానమయ్యారు. కాబట్టి తక్కువ ధర దానితో మొదలుపెట్టడమే తెలివి. హీల్ కప్ ఒక కాలికే పెట్టకండి, ఎత్తు తేడా నడుముకు తగులుతుంది.

జిల్లేడు ఆకు, వేడినీళ్లు, ఐస్

కాలిన ఇటుక మీద జిల్లేడు ఆకులు పరిచి మడమ కాపడం పెట్టుకోవడం మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. వేడికి బిగువు సడలి కొంత హాయి కలుగుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ హాయి ఇచ్చేది వేడి. ఆకు లేకుండా వేడినీళ్ల సంచీతో కూడా అదే వస్తుంది. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు ఇటుక కాపడం, వేడినీళ్ల బకెట్ రెండింటికీ దూరంగా ఉండాలి. కాలుతున్నట్టు తెలియదు. పొక్కు పుండై, పుండు వేలు తీసేసేదాకా వెళుతుంది. వాళ్లు ఐస్ కూడా పెట్టుకోకూడదు.

స్పర్శ బాగున్నవాళ్లకు సాయంత్రం పని ముగిశాక చల్లదనం బాగా పనిచేస్తుంది. అరలీటరు ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక దాకా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పలచటి గుడ్డ చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద ఐదు నుంచి పది నిమిషాలు దొర్లించండి. నిలబడి బరువంతా వేసి దొర్లించకూడదు.

మాత్రలు, ఇంజెక్షన్, ఆపైన

నొప్పి మాత్రలు వారం పది రోజులు నడవగలిగేలా చేయడానికి పనికొస్తాయి, పట్టీని బాగుచేయవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం ఖాయంగా ముప్పే. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఒక్కటీ వేసుకోవద్దు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని కొద్దిరోజుల్లోనే తగ్గిస్తుంది. ఆ సుఖం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది, తర్వాత వేయించుకోనివాళ్లకూ మీకూ తేడా ఉండదు. నొప్పి వల్ల వ్యాయామం మొదలే పెట్టలేకపోతున్నవాళ్లకు ఒక్కసారికి అర్థముంది. పదేపదే వేయిస్తే పట్టీ తెగిపోవచ్చు, మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోవచ్చు. కరిగిన మెత్త తిరిగి రాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్నిరోజులు షుగర్ పెరుగుతుంది, ముందే మందు సర్దుకోవాలి. ఇంజెక్షన్ వేయించుకుని నొప్పి లేదు కదా అని మర్నాడే పరుగెత్తడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కనీసం రెండు వారాలు పాదాన్ని తేలిగ్గా చూసుకోవాలి.

మూడు నాలుగు నెలలు క్రమం తప్పకుండా చేసినా తగ్గకపోతే షాక్‌వేవ్ చికిత్స ఉంది. కరెంటు షాక్ కాదు, ధ్వని తరంగాల తాకిడి. వారానికి ఒకటి చొప్పున మూడు నుంచి ఐదు సార్లు ఇస్తారు, ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు ఆగాలి. సొంత రక్తం నుంచి తీసే పీఆర్పీ ఇంజెక్షన్ ఖరీదైనది, తయారుచేసే పద్ధతులు ఒక్కోచోట ఒక్కోలా ఉండటంతో ఫలితాలూ ఒకేలా లేవు. రాత్రిపూట పాదాన్ని లంబకోణంలో ఉంచే స్ప్లింట్ పొద్దుటి పోటు తీవ్రంగా ఉన్నవాళ్లకు మేలు చేస్తుంది, నిద్ర పట్టక చాలామంది మధ్యలో తీసేస్తారు. ఆపరేషన్ మాట ఏడాది దాటాకే. అందులో కూడా పట్టీని సగానికి మించి కోయకూడదు, కోస్తే వంపు కుంగి పాదం పైభాగంలో కొత్త నొప్పి మొదలవుతుంది.

మళ్లీ నడకకు, మెట్లకు, మాలకు

నొప్పి ఉన్నన్నాళ్లూ నడక పూర్తిగా ఆపనక్కర్లేదు. సగానికి తగ్గించి, ఒకేసారి నడిచేది మూడు ముక్కలు చేసుకోండి. గుండె కోసం, షుగర్ కోసం చేసే వ్యాయామాన్ని సైకిల్ మీదికో ఈతలోకో మార్చుకోవచ్చు. పొద్దుటి అంకె రెండు వారాలపాటు రెండుకు మించకుండా ఉంటే వారానికి పదోవంతు చొప్పున నడక పెంచుతూ పోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లకు తగ్గే ప్రతి కిలో ప్రతి అడుగులోనూ పట్టీకి తేలిక.

కొండ కాలినడకన ఎక్కాలని మొక్కు ఉన్నవాళ్లు ఎనిమిది వారాల ముందు పైన చెప్పిన మెట్టు వ్యాయామం మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు మేడమెట్లు ఎక్కడం అలవాటు చేసుకోవాలి. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద పెట్టాలి. మడమ బయటికి వేలాడితే 3,550 సార్లు పిక్క, పట్టీ రెండూ లాగబడతాయి. మాల వేసుకునేవాళ్లు దీక్షకు నెలన్నర ముందు నుంచి మట్టినేల మీదో గడ్డి మీదో రోజుకు పది నిమిషాలు ఒట్టి కాళ్లతో తిరిగి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గిన షుగర్ రోగులు ఒట్టి కాళ్లతో దీక్ష పట్టే ముందు ఒక్కసారి డాక్టర్‌తోనూ, గురుస్వామితోనూ మాట్లాడి ఏం చేయాలో నిర్ణయించుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకోవడం వాళ్లకు మడమ నొప్పి మందులన్నిటికంటే ముఖ్యం.